చెయ్యి చాపు బంగారం

పోయిన వారం మా అమ్మను రక్తపరీక్షకు తీసుకెళ్లాను. ఆవిడకు డెబ్భై నాలుగు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయింది. ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయికి మహా అయితే ఇరవై రెండుంటాయి. జబ్బకు రబ్బరు పట్టీ కట్టి, స్పిరిట్ దూదితో తుడిచి, "చెయ్యి చాపు బంగారం. పిడికిలి బిగించు. ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంది. సూది గుచ్చిందీ తెలియలేదు, తీసిందీ తెలియలేదు, అంత చెయ్యి తిరిగిన పిల్ల. "అయిపోయింది తల్లీ, ఐదు నిమిషాలు గట్టిగా నొక్కిపెట్టుకో" అని దూది పెట్టి, తర్వాతి నంబరు పిలిచింది.

రెండు నిమిషాల్లో మా అమ్మ బంగారం అయింది, నాన్న అయింది, తల్లి కూడా అయింది.

ఆటో ఎక్కేదాకా ఆవిడ నోరు విప్పలేదు. ఎక్కాక, మోచేతి మడతలో దూది అలాగే నొక్కిపెట్టుకుని, "చాపండి అంటే దాని సొమ్మేం పోయింది?" అంది.

'బంగారం' అన్నందుకు కోపమొచ్చిందేమో అనుకున్నాను. కాదట. "బంగారమననీ, వజ్రమననీ. 'చాపు' ఏమిటి, 'చాపు'!"

ఆ రోజు నుంచి నా చెవులు ఇదే పనిగా పెట్టుకున్నాయి. పరాయివాళ్లు మనల్ని ముద్దుగా పిలిచినప్పుడు పక్కనున్న క్రియ ఎలా ఉందో వింటున్నాను. చెప్పు, చెప్పమ్మా, చెప్పండమ్మా, చెప్పండి. నాలుగు మెట్లు. ఇందులో నాకు భలే నచ్చేది మూడోది. 'అండి' కాస్త దూరంలో నిలబెడుతుంది, వెంటనే 'అమ్మా' వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది. బట్టల షాపులో పరుపు మీద కూర్చుని చీరలు పరిచే అతను, "చూడండమ్మా, కట్టుకుంటే గానీ తెలీదు దీని అందం" అంటాడే, అదీ. ముందు మర్యాద, తర్వాతే ప్రేమ. వరుస తిప్పి 'చెప్పమ్మండీ' అని ఎవరూ అనరు.

చిన్నప్పుడు విభక్తులు వల్లె వేశాం కదా, "ఓయి, ఓరి, ఓసి – సంబోధన ప్రథమా విభక్తి" అని. ఆ మూడింటిలో దేన్నయినా ఈ రోజు రోడ్డు మీద పరాయివాళ్ల మీద వాడి చూడండి, ఇంటికి క్షేమంగా చేరితే చెప్పండి. పాఠంలో లేని అమ్మా, అయ్యా, అన్నా, అక్కా, తల్లీ, నాన్నాలతోనే మన రోజంతా గడుస్తోంది.

నా లెక్క ఇది: ముద్దుమాటలో తప్పు లేదు. దాని పక్కన 'అండి' ఉంటే ఆప్యాయత, లేకపోతే చనువు తీసుకోవడం. మీరేమంటారు?

*

జగిత్యాల నుంచి:

మీ లెక్క మా తెలంగాణల చెల్లదు. మా ఇంట్లో మా నాయన మా తాతను "బాపూ, నువ్వు తిన్నవా" అనే అడిగేది. బడిలో మేం "సారూ, నువ్వు చెప్పిన లెక్క మళ్ల చెప్పవా" అన్నోళ్లమే. సారు ఏనాడూ చిన్నబుచ్చుకోలే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసులో కూచుని ఫోన్లో మా నాయనతో మాట్లాడుతుంటే, పక్క సీట్లో భీమవరం ఆయన "ఎవరితో గొడవ?" అని అడిగిండు. గొడవ కాదు, మందులు వేసుకున్నవా అని అడుగుతున్న.

మా దిక్కు మర్యాద క్రియ చివర ఉండదు, పిలుపులో ఉంటది. అవ్వా, పెద్దబాపూ, కాకా, సారూ – ఆ మాట అన్నాక ఇంక 'నువ్వు' అంటే ఏంది, 'మీరు' అంటే ఏంది. ఊరి బస్సులో ఒక ముసలవ్వ "జర జరుగు బిడ్డా" అంటది, అడగకుండనే తన మక్క కంకుల సంచి నా ఒళ్లో పెడతది. అటెన్క "ఎవరి బిడ్డవు?" అని అడుగుతది. ముందు తన బిడ్డను చేసుకున్నాకనే ఎవరి బిడ్డనో విచారణ.

అయితే అదే 'బిడ్డా' ఇంకో గొంతుతో అంటే గుండె జారుతది. "బిడ్డా, పొద్దున కనబడు, చెప్త నీ సంగతి." దీంట్ల ప్రేమ ఎంతుందో విన్నోళ్లకే ఎరుక.

ఇంకొక మాట. దొరల కాలంల మా పెద్దోళ్లు "నీ బాంచెన్ దొరా, కాల్మొక్త" అన్నరు. బాంచెన్ అంటే బానిస. నేల మీదికి వంగి అన్న మాట అది. దాంట్ల కూడా ఉన్నది 'నీ'యే, 'మీ' కాదు. ఇగ మీ 'అండి' లెక్క ఎట్ల నిలబడుతది?

*

మదనపల్లె నుంచి:

మా పక్క మగవాళ్లను "రాప్పా, కూచోప్పా, చెప్పుప్పా" అంటాం. ఆ 'ప్పా' అప్ప, అంటే నాన్న. ముక్కూ మొహం తెలియని వాణ్ని టీ కొట్టు దగ్గర పది నిమిషాల్లో ఇరవై సార్లు నాన్నా అని పిలుస్తాం, ఆ సంగతి మాకే తెలియదు. మాటకు అంత వాడకం పడితే దాని అర్థం అరిగి తోక మాత్రం మిగులుతుంది. అప్పుడప్పుడూ 'సామీ' కూడా తగులుతుంది. నెల్లూరు వాళ్లయితే 'అబ్బయా' అంటారు. దాని గురించి వాళ్లే చెప్పాలి, మేం ఎక్కిరిస్తామని వాళ్లకు అనుమానం.

*

తెనాలి నుంచి, ఒక పెద్దాయన:

కూతుర్ని అమ్మా అనీ, కొడుకును నాన్నా అనీ పిలవడం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా అబ్బాయికి మా నాన్నగారి పేరు పెట్టాం. మా ఆవిడ మామగారి పేరు నోట పలకదు. మరి పిల్లాణ్ని ఏమని పిలవాలి? ఆయన ముందు "ఒరే సుబ్బారావూ, నిక్కరు వేసుకో" అనగలదా! అందుకని వాడు 'నాన్న' అయ్యాడు, తర్వాత 'నాని' అయ్యాడు. ఇప్పుడు నలభై మూడేళ్లు, ఇద్దరు పిల్లలు, అయినా బంధువులందరికీ నానీయే. మా మేనకోడలికి వాళ్ల నాయనమ్మ పేరు, కాబట్టి ఆ పిల్ల 'అమ్మలు'. తెలుగిళ్లలో చంటిలు, బుజ్జిలు, పండులు ఇంతమంది ఉండటానికి సగం కారణం తాతల, నాయనమ్మల పేర్లేనని నా నమ్మకం.

కాబట్టి ల్యాబ్ అమ్మాయి మీ అమ్మగారిని 'నాన్నా' అన్నదంటే, కొడుకును చేసిందన్న మాట. నాన్నను కాదు.

*

విజయవాడ నుంచి, ఒక అమ్మాయి:

అండి ఉందా లేదా అన్నది కాదండీ అసలు సంగతి. నాకు ఇరవై ఆరు. చుడీదార్ల షాపులో ఆవిడ "ఈ రంగు వేసుకో బంగారం, మెరిసిపోతావ్" అంటే నవ్వొస్తుంది, మురిసిపోయి కొనేస్తాను కూడా. అదే మాట సెల్‌ఫోన్ రిపేరు చేసే నలభై ఏళ్లాయన "రేపు రా బంగారం, రెడీ చేసి ఉంచుతా" అంటే, ఫోన్ వెనక్కి తీసుకుని వచ్చేశాను. మాట అదే, క్రియ కూడా అదే తీరు. మరి తేడా ఎక్కడుంది?

నాకు తోచింది – వరస. మా అమ్మమ్మగారి ఊళ్లో అందరికీ అందరూ ఏదో ఒకటి అవుతారు. కులం వేరు, చుట్టరికం లేదు, అయినా ఊరి వరస ఉంటుంది. పాలు పోసే ఆయన నాకు మావయ్య, కిరాణా కొట్టు ఆవిడ పిన్ని. మా అమ్మ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు మావయ్య, అంతా పద్ధతిగా ఉంటుంది. వరస కలిపారంటే ఎంత దగ్గరికి రావచ్చో, ఎక్కడ ఆగాలో కూడా చెప్పేసినట్టే. ఆటో ఎక్కగానే "అన్నా, బెంజ్ సర్కిల్" అంటాం చూడండి, అందులో బేరం ఎంతుందో జాగ్రత్త కూడా అంతే ఉంది. రాత్రి తొమ్మిది దాటితే ఆ 'అన్నా' ఇంకొంచెం గట్టిగా అంటాను. కాలేజీలో అయితే అన్నయ్యా అన్న ఒక్క పిలుపుతో ఎన్ని ప్రేమకథలు మొదలవకుండానే ముగిశాయో! రాఖీ పౌర్ణమి రోజు మా క్లాసులో సగం మంది అబ్బాయిలకు జ్వరం.

అన్నీ అలా కలపడానికి కుదరదు. మనలో మేనరికాలున్నాయి కదా. అందుకే బావ, మరదలు అన్న వరసల్లో సరసం దానంతటదే దూరి ఉంటుంది. మగపిల్లలు ఒకళ్లనొకళ్లు బావా, మావా అనుకుంటే అది స్నేహం. పరాయి మగాడు ఆడపిల్లను మరదలా అన్నాడంటే చెప్పు తీయాల్సిందే. వదినా అని పక్కింటావిడను ఆడవాళ్లు హాయిగా పిలుస్తారు. పరిచయం లేని మగవాడు పిలిస్తే మాత్రం, ముందు ఆ అన్న ఎవరో తెలిసి ఉండాలి.

'బంగారం' ఏ వరస? నన్ను బంగారం అన్నవాడు నాకేమవుతాడు? ఏమీ కాడు. గేటూ లేదు, గోడా లేదు. షాపు ఆవిడ అంటే ఆవిడ వయసూ ఆడతనమూ ఆ లోటు పూడుస్తాయి. రిపేరాయన దగ్గర పూడ్చేది ఏదీ లేదు.

*

ఒక స్టాఫ్ నర్సు:

పదకొండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ప్రస్తుతం రాజమండ్రిలో. మీరందరూ మమ్మల్ని మరీ అంత లోతుగా చూడకండి బాబూ. పొద్దున్న ఎనిమిదింటికి వార్డులోకి వెళ్లేసరికి పాతిక ముప్పై మంది ఉంటారు. పంచె కట్టుకున్న పెద్దాయన్ని 'సార్' అంటే తనను కాదనుకుని పక్కకు చూస్తాడు. 'తాతా' అంటే ఒకాయనకు కోపం, జుట్టుకు రంగు వేసుకున్నాడు. 'అంకుల్' అంటే ఇంకొకాయన "నేను మీ అంకుల్‌నా?" అన్నాడు. 'ఆంటీ' గురించి చెప్పక్కర్లేదు, దానికన్నా సూది నయం. పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు. 'నాన్నా' అంటే మాత్రం ఈ పదకొండేళ్లలో ఒక్కళ్లూ కోప్పడలేదు. ఆడవాళ్లను అన్నా, మగవాళ్లను అన్నా. సూదిని చూడగానే డెబ్భై ఏళ్ల వాళ్లు కూడా ఏడేళ్ల వాళ్లయిపోతారు. ఆ భయానికి జవాబు ఆ పిలుపు.

'చాపండి' అనాల్సింది, అది ఒప్పుకుంటా. మా అమ్మాయిలకు కూడా చెబుతా.

కానీ ఒక మాట అడగనా? మమ్మల్ని ఏమని పిలుస్తారో ఎవరూ రాయలేదేం? "ఏయ్ పాపా", "ఇదిగో అమ్మాయ్", "నర్సమ్మా", మరీ పెద్దమనుషులైతే "సిస్టర్". మెడలో కార్డు మీద పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. నన్ను 'మీరు' అన్న పేషెంట్లను రెండు చేతుల వేళ్ల మీద లెక్కపెట్టగలను. టీచరుగారు ఆ ల్యాబ్ అమ్మాయిని ఏమని పిలిచారు?

*

నాటింగ్‌హామ్ నుంచి:

మా ఊళ్లో బస్సు డ్రైవరూ, మార్కెట్లో కూరగాయలమ్మే ఆవిడా అందర్నీ 'మి డక్' అంటారు. అవును, డక్ అంటే బాతే. ఆడా మగా తేడా లేదు. వచ్చిన కొత్తలో ఒకాయన మా వారిని అలా అన్నాడని ఈయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు. ఇంకాస్త పైకి, యార్క్‌షైర్ వెళితే 'లవ్' అంటారు, అది ఈయనకు చెప్పలేదు. ఇంగ్లీషులో నువ్వూ మీరూ రెండూ 'యూ'యే కాబట్టి మీ క్రియల గొడవ ఇక్కడ లేదు. ఆప్యాయతైనా అలుసైనా పిలుపులోనే వెతుక్కోవాలి. మా అత్తగారు వచ్చినప్పుడు ఆవిడనూ అన్నారు. అర్థం అడిగితే చెప్పాను. "బాతునా? గుడ్లు పెట్టేదాన్లా కనిపించానా?" అన్నారు.

*

మొదట రాసిన నేనే మళ్లీ:

జగిత్యాల వారి 'నీ బాంచెన్' దగ్గర నా లెక్క కూలిపోయింది, ఒప్పుకుంటున్నాను. మర్యాదంతా 'అండి'లోనే ఉందనుకోవడం కృష్ణా జిల్లా చెవులతో వినడమే. విజయవాడ అమ్మాయి చెప్పిన వరసే సరైన తాళంచెవి. వరస ఉన్నచోట 'నువ్వు' అంటే దగ్గరితనం అవుతుంది. వరస లేనిచోట అదే 'నువ్వు' ఒంటరిగా నిలబడి గుచ్చుకుంటుంది. అవ్వా నువ్వు, అన్నా నువ్వు – ఇవి బాగానే ఉన్నాయి. బంగారం నువ్వు అనేసరికి ఎక్కడో తేడా కొడుతోంది.

ఇది ఆలోచిస్తుంటే ఒకటి తట్టింది. మా అమ్మమ్మ నోట ఒంటరి 'బంగారం' విన్న గుర్తు లేదు. బంగారు తల్లీ అనేది, బంగారు తండ్రీ అనేది, బంగారు కొండా అనేది. బంగారు అన్నది విశేషణం, దాని వెనక వరసో, మరో మాటో ఉండి తీరాలి. 2013లో అప్పటి ఉమ్మడి ప్రభుత్వం ఆడపిల్లల పథకానికి పేరు పెట్టినప్పుడు కూడా 'బంగారు తల్లి' అనే పెట్టింది. ప్రభుత్వాలకు వరసల రుచి బాగా తెలుసు: అమ్మ ఒడి, అన్న క్యాంటీన్, తల్లికి వందనం, చంద్రన్న బీమా, జగనన్న విద్యా దీవెన. ఏ పార్టీ వచ్చినా మనకు ఒక అన్న తప్పడు. ఇప్పుడు వాడకంలో ఏమైందంటే, తల్లీ తండ్రీ రాలిపోయి ఉత్త బంగారం మిగిలింది. ప్రేమ ఉంది, చుట్టరికం లేదు.

అలాగని వరస కలిపిన ప్రతి పిలుపూ ఆప్యాయత అనుకోలేం. మొన్న ఒక బ్యాంకులో నా ముందు ఒక పెద్దావిడ ఉంది. ఉపాధి పని డబ్బులు పడ్డాయో లేదో చూడమని పాస్‌బుక్ చాపింది. నైలాన్ చీర, చేతిలో ప్లాస్టిక్ కవరు. కౌంటర్లో కుర్రాడు "ఏమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు, మంగళవారం రమ్మన్నానా లేదా?" అన్నాడు. ఆవిడ "ఆయ్, సరే బాబూ" అని పక్కకు జరిగింది. వెంటనే నా వైపు తిరిగి "చెప్పండి మేడమ్". ఆవిడకు అమ్మ అన్న పిలుపు దక్కింది, నాకు దక్కలేదు. అయినా ఆ రెండు పిలుపుల్లో ఏది కావాలని అడిగితే ఆవిడ ఏం చెబుతుందో మనందరికీ తెలుసు. ఆ 'ఏమ్మా'లో అమ్మ లేదు. చీర చూసి వేసిన చీటీ ఉంది.

ఇక నర్సుగారి ప్రశ్న. అది చదివాక మా అమ్మనే అడిగాను, ఆ అమ్మాయిని ఏమన్నావని. గుర్తు లేదంది. నాకు గుర్తుంది. కుర్చీలో కూర్చుంటూ "ఏమే పిల్లా, సన్న సూదేనా?" అంది. అప్పుడు నా చెవికి తగల్లేదు, ఎందుకంటే ఆవిడ నోట అది నాకు అలవాటే. అదే చెప్పాను. కాసేపు ఊరుకుంది.

మేం అప్పట్లో ఉన్న ఊళ్లో పిల్లలు బడి మానేస్తే మా అమ్మ వాళ్ల ఇళ్లకు వెళ్లేది, నన్నూ తీసుకెళ్లేది. గొడ్లకాడి పిల్లవాడి నాన్నను గుమ్మంలో నిలబెట్టి "ఏమయ్యా, వాణ్ని బడికి పంపవా? నీ బతుకులాగే వాడి బతుకూ కావాలా?" అని కేకలేసేది. ఆయనకు అప్పటికే నెరిసిన జుట్టు. ఇంతా చేసి ఆ పిల్లవాడి ఫీజు ఈవిడే కట్టింది, అది వేరే కథ. అదే ప్రెసిడెంటుగారి ఇంటికి వెళితే, వాళ్లబ్బాయి కూడా బడి ఎగ్గొట్టేవాడే, "మీరు కాస్త చూడాలండీ" అనేది. ఈ రెండూ నేను పక్కన నిలబడి విన్నవే. ఇన్నేళ్లు వాటిని పక్కపక్కన పెట్టి చూడలేదు.

అదీ గుర్తు చేశాను. "ఆ రోజుల్లో అందరూ అలాగే అనేవాళ్లు" అంది. కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. చాటలోంచి తల ఎత్తకుండానే, "ఆ గొడ్లకాడి పిల్లవాడి నాన్న మాత్రం నన్ను పంతులమ్మగారూ, మీరు అనేవాడు" అని తనే అంది.

వచ్చే నెల మళ్లీ షుగర్ టెస్టుంది. ఆ పిల్ల కార్డు మీద పేరు చదవడానికి దగ్గరి చూపు కళ్లద్దాలు మర్చిపోకుండా సంచిలో పెట్టమంది.